ఆగని యంత్రమునకు అదనపు మెమరీ

పాకాల నుండి ధర్మవరము పోవు రైలుదారి పీలేరు, కలికిరి, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా సాగును. ఒకనాడది మీటరు గేజి దారి; పిమ్మట దానిని బ్రాడ్ గేజిగా మార్చిరి. అట్టి మార్పు జరుగునంత కాలము ఆ దారిని బండ్లు నడువవు. పట్టాలు పెరికి, స్లీపర్లు మార్చి, వంతెనలు సరిచేసి, తనిఖీ ముగిసిన పిదపనే మరల మొదటి బండి కదలును. అంతవరకు ప్రయాణికులు బస్సుల నాశ్రయింతురు. ఇందెవ్వరికిని ఆశ్చర్యము లేదు. పరుగెత్తు బండి క్రింద పట్టాలు మార్చుట కూడని పని యని పల్లెటూరి పసివాడును ఎరుగును.

శ్రోతలారా, కంప్యూటరు యంత్రముల లోపల ఇంచుమించు ఇట్టి పనియే నేడు జరుగుచున్నది. నడుచుచున్న యంత్రమును ఆపకయే దానికి మెమరీ చేర్చుదురు. అక్కర తీరిన తరువాత ఆపకయే తీసివేయుదురు. దీనికి మెమరీ హాట్‌ప్లగ్ అని పేరు. వినుటకు ఇది లోహపు పలకను గాడిలో గ్రుచ్చు పని వలె తోచును. గ్రుచ్చుట సులభమే. చిక్కంతయు లెక్క వ్రాయుటలో నున్నది. ఆ లెక్కను ఒక్కొక్క జాతి ప్రాసెసరునకు ఒక్కొక్క తీరున వ్రాయవలసి యుండుటచే, ఒకే పని 2008 మొదలు 2024 వరకు పదునారేండ్లపాటు విడతలు విడతలుగా సాగినది. మేము ఈ ప్రసంగమున చెప్పదలచినది ఆ లెక్కల కథయే.

మొదట మెమరీ యనగా నేమో రెండు మాటలు. కంప్యూటరు తన ఫైళ్లను దాచుకొను డిస్కు వేరు, పని చేయునపుడు కన్నుల యెదుట పరచుకొను మెమరీ వేరు. డిస్కు బీరువా వంటిది. మెమరీ బల్ల వంటిది. బల్ల చిన్నదైనచో కాగితములను మాటిమాటికి బీరువాలో పెట్టి తీయవలసి వచ్చును, పని మందగించును. బల్ల మీద చోటు బొత్తిగా లేనపుడు యంత్రము నడుచుచున్న ప్రోగ్రాములలో ఒకదానిని బలవంతముగా ముగించును కూడ. పదవ తరగతి ఫలితములు వెలువడు ఉదయమున, తిరుమల దర్శనపు టికెట్లు ఆన్‌లైనులో విడుదలయగు గంటలో, లక్షలాది జనులు ఒక్కసారిగా ఒకే తలుపు తట్టుదురు. ఆ గంటకు బల్ల పెద్దది కావలెను. మిగిలిన ఇరువదిమూడు గంటలు అంత బల్ల అక్కరలేదు. అక్కరలేని బల్లకు అద్దె చెల్లించుట ఎవరికిని ఇష్టము కాదు.

అద్దె యను మాట మేము ఊరక వాడలేదు. నేటి పెద్ద యంత్రములలో పెక్కు ఒక్క యజమాని సొత్తుగా నడువవు. ఒక గొప్ప యంత్రమును సాఫ్ట్‌వేరు చేత అనేక చిన్న యంత్రములుగా విభజించి, ఒక్కొక్క దానిని ఒక్కొక్కరికి అద్దెకిత్తురు. ఈ చిన్నవానికి వర్చువల్ మెషిన్లు అని పేరు. అమెజాను సంస్థ 2022 నవంబరులో హైదరాబాదున తెరచిన కేంద్రమందును వ్యాపారమిదియే. ఒకే కప్పు క్రింద పలువురు కాపురముండు ఇంటిలో ఒకరి గది నుండి అడ్డుగోడ జరిపి మరియొకరి గదిని పెంచవచ్చును గదా! అట్లే ఒక వర్చువల్ యంత్రము నుండి మెమరీ తీసి ఇంకొకదానికి ఈయవచ్చును. ఐతే ఆ రెండిండ్లలోను మనుష్యులు కాపురముండగనే గోడ జరుగవలెను. హాట్‌ప్లగ్ నేడు ఎక్కువగా అక్కరకు వచ్చునది ఇచ్చటనే. స్క్రూడ్రైవరు పట్టుకొని నడుచు యంత్రము నుండి నిజముగా పలకలు ఊడబెరుకు సందర్భములు అరుదు.

ఇక లెక్కల సంగతి. కంప్యూటరులో అన్ని ప్రోగ్రాములకును పెద్దగా నుండి, ఎవరికెంత మెమరీ ఈయవలెనో నిర్ణయించునది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్ అను మహావృక్షమునకు అది మొదలు. ఈ కెర్నెల్ పని మన సీమలో 1984 వరకును ఉండిన గ్రామ కరణము పనిని పోలియుండును. ఆ యేట ప్రభుత్వము కరణముల పదవులను రద్దు చేసినది గాని, అడంగలు అను మాట నేటికిని రైతుల నోట నున్నది. ఊరి భూమియంతయు సర్వే నెంబర్లుగా విభజింపబడి యుండును. ఏ నెంబరు ఎవరి స్వాధీనమున నున్నది, ఏ పైరు వేసిరి, ఎంత బీడు, ఎంత పోరంబోకు, ఇదంతయు అడంగలులో పంక్తికొకటిగా నెక్కును. లెక్కకు ఎక్కని భూమి కన్నుల యెదుట నున్నను కరణము దృష్టిలో లేనట్టే.

కెర్నెల్ మెమరీని పేజీలను తుండ్లుగా కోసికొనును. సాధారణముగా ఒక పేజీ నాలుగు కిలోబైట్లు. ఒక గిగాబైటులో ఇట్టి పేజీలు 2,62,144 ఉండును. ఒక్కొక్క పేజీకి అడంగలులో ఒక్కొక్క పంక్తి. ఆ పంక్తి నిడివి 64 బైట్లు. గుణించి చూచినచో ఒక గిగాబైటు మెమరీకి లెక్కపుస్తకమే పదునారు మెగాబైట్లగును, అనగా భూమిలో అరువదినాలుగవ వంతు. అడంగలు వ్రాయు కాగితమునకే ఊరిలో అంత భూమి పోవుట చిన్న సంగతి కాదు. పేజీల నన్నిటిని విడివిడిగా చేర్చుట తీయుట అసాధ్యము గనుక వానిని సర్వే నెంబర్ల వలె ఖండములుగా కూర్చుదురు. సామాన్యపు ఇంటెల్, ఏఎండీ యంత్రములలో ఖండము కనీసము 128 మెగాబైట్లు. ఆర్మ్ 64 జాతి ప్రాసెసర్లలో మొదట అది ఒక గిగాబైటు. పెద్ద సర్వరునకు గిగాబైటు ఒక గుంటెడు నేల కావచ్చును. చిన్న యంత్రమునకు అది ఊరిలో సగము. అందుచేత 2021లో వెలువడిన 5.12వ లినక్స్ కూర్పున దానిని తగ్గించి, నాలుగు కిలోబైట్ల పేజీలుండునపుడు 128 మెగాబైట్లు చేసిరి.

అడంగలు ఒక్కటియే చాలదు. పటము కూడ కావలెను. ప్రోగ్రాములు నేరుగా మెమరీ పలకల చిరునామాలు వాడవు. వానికి కల్పిత చిరునామాలుండును. ఈ కల్పిత చిరునామా నిజముగా ఏ పేజీకి చేరునో చూపు పటములకు పేజీ టేబుళ్లు అని పేరు. కెర్నెల్ తన సొంత వాడుకకై యంత్రములోని మెమరీ నంతయు చూపు ఒక పూర్తి పటమును ఉంచుకొనును. ప్రతి పర్యాయము పటము విప్పుట ఆలస్యమని ప్రాసెసరు ఇటీవల నడచిన దారులను తనలోనే ఒక చిన్న చోట గుర్తుపెట్టుకొనును. ఈ మూడును, అనగా అడంగలు, పటము, ప్రాసెసరు గుర్తు, శ్రోతలు మనసున నుంచుకొన్నచో మిగిలిన కథ సుళువు.

మెమరీ చేర్చుట రెండు అంచెల పని. కొత్త మెమరీ వచ్చినదని యంత్రపు ఫర్మ్‌వేరో, పైనున్న అద్దె యజమాని సాఫ్ట్‌వేరో కెర్నెల్‌కు కబురు పంపును. అంతట కెర్నెల్ ఆ ఖండమునకు పటము గీయును, అడంగలులో పంక్తులు తెరచును. ఇది మొదటి అంచె. భూమి లెక్కకెక్కినది గాని ఇంకను పట్టా ఎవ్వరికిని ఈయలేదు. పిదప ఆ ఖండమును ఆన్‌లైన్ చేయుదురు. అప్పుడే అందలి పేజీలు పంపిణీకి వచ్చును. ఈ రెండంచెల యేర్పాటు లినక్స్‌లో 2005 అక్టోబరున చేరి, 2006 జనవరిలో వెలువడిన 2.6.15 కూర్పుతో లోకమునకు అందినది. దానికి ముందు 2004లో ఒటావా నగరమున జరిగిన లినక్స్ సదస్సులో డేవ్ హాన్సెన్, మైక్ క్రావెట్జ్ మొదలగువారు ఈ విషయముపై పత్రము సమర్పించి యుండిరి.

ఇచ్చట ఒక తమాషా కలదు. మెమరీ చేర్చుటకు ముందుగా మెమరీ కావలెను! 128 మెగాబైట్ల ఖండమునకు పంక్తులు వ్రాయుటకే రెండు మెగాబైట్లు ఖర్చు. మెమరీ చాలక ఊపిరాడని యంత్రమునకు కొత్తది తెచ్చి యిచ్చినచో, దానిని లెక్కకు ఎక్కించుకొను శక్తి లేక అది చేతులెత్తివేయవచ్చును. బావి మీది పంపుసెట్టు నీళ్లు లాగవలెనన్న ముందు దానికే రెండు బిందెల నీళ్లు పోయవలసి వచ్చుట మన రైతులకు అనుభవమే. 2021 జూనులో వెలువడిన 5.13 కూర్పున దీనికి ఉపాయము చేసిరి. కొత్త ఖండపు అడంగలును ఆ కొత్త ఖండములోనే వ్రాయవచ్చును. కొన్ని నియమములకు లోబడి మాత్రమే ఇది చెల్లును గాని, తెలివైన ఏర్పాటు.

ఇంతవరకు చెప్పినది అన్ని ప్రాసెసర్లకును ఇంచుమించు సమానము. వేరు పడునది పటము గీయు చోట. కెర్నెల్‌లో అందరికి చెల్లు భాగము ఒకటి యుండును; దాని క్రింద ఒక్కొక్క ప్రాసెసరు జాతికి దాని సొంత శాఖ యుండును. పై భాగము ‘ఈ మెమరీని చేర్చుకొనుము’, ‘ఈ మెమరీని విడిచిపెట్టుము’ అని రెండు ఆజ్ఞలిచ్చును. ఆ ఆజ్ఞల నెట్లు నెరవేర్చవలెనో క్రింది శాఖ నిర్ణయించుకొనవలెను. తాలూకా కచేరి నుండి ఒకే ఉత్తరువు వచ్చినను కొండ ఊరి కరణము, చెరువు క్రింది ఊరి కరణము దానిని ఒకే రీతిగా అమలు చేయలేరు గదా!

ఈ భేదమెట్టిదో ఒక్క ఉదాహరణమున చూతము. ఆర్మ్ 64 ప్రాసెసరులో పటములకు మూలమును చూపు రిజిస్టర్లు రెండు. ఒకటి నడుచుచున్న ప్రోగ్రాముది, రెండవది కెర్నెల్‌ది. ప్రోగ్రాములు మారుచుండును గాని కెర్నెల్ పటము ఒక్కటే, అందరికి ఉమ్మడి. కొత్త మెమరీ వచ్చినపుడు ఆ ఒక్క పటమున గీసిన చాలును. ఇంటెల్, ఏఎండీ యంత్రములలో అట్లు కాదు. అచ్చట మూలము ఒక్కటే. ప్రతి ప్రోగ్రాము చేతిలోని పటములో పై సగము కెర్నెల్‌ది, క్రింది సగము తనది. కెర్నెల్ భాగపు మొదటి పుటకు నకళ్లు అన్ని ప్రోగ్రాముల వద్దను ఉండును. కొత్త మెమరీ వలన ఆ మొదటి పుటలోనే కొత్త పంక్తి పుట్టినచో నకళ్లన్నిటిని సరిచేయవలెను. ఒక్క నకలు మరచినను, ఆ నకలు పట్టుకొన్న ప్రోగ్రాము వంతు వచ్చినపుడు కెర్నెల్ తన భూమినే తాను కానక పడిపోవును.

ఇందులో ఇంకొక రహస్యమున్నది. ఇంటెల్, ఏఎండీ వారి నాలుగంతస్తుల పటములో మొదటి పుటలోని ఒక్క పంక్తి 512 గిగాబైట్ల విస్తీర్ణమును కప్పును. కాబట్టి మామూలు యంత్రమునకు ఎంత మెమరీ చేర్చినను మొదటి పుటలో కొత్త పంక్తి పుట్టుట అరుదు. నకళ్లు సరిచేయు భాగములో తప్పున్నను ఏండ్ల తరబడి బయటపడకుండ దాగియుండగలదు. రిస్క్-ఫైవ్ అను సరికొత్త జాతిలోను మూలము ఒక్కటే. కాని దాని మూడంతస్తుల పటములో మొదటి పుటలోని పంక్తి ఒక్క గిగాబైటునే కప్పును. అనగా మెమరీ చేర్చిన ప్రతిసారి ఇంచుమించు నకళ్ల తగవు లేచును. ఆ శాఖను వ్రాసినవారు ఈ తగవును మొదటనే తెంచిరి. యంత్రము లేచునపుడే రాబోవు మెమరీకి వలయు పై పంక్తులను నింపియుంచిరి. అవి నకళ్లన్నిటిలో ఆదినుండియు ఉండును గనుక పిమ్మట సరిచేయ నక్కరలేదు. కొద్దిపాటి మెమరీ ముందుగా ఖర్చగును, బదులుగా నిశ్చింత. మా దృష్టిలో ఇది మంచి బేరము.

చేర్చుట ఇట్లుండగా తీసివేయుట అంతకు రెండింతలు కష్టము. ఖాళీ నేలలో ఇల్లు కట్టుటకును, కాపురమున్న ఇల్లు ఖాళీ చేయించుటకును గల భేదమది. ఒక ఖండమును తీయవలెనన్న అందులోని పేజీల నన్నిటిని మరియొక చోటికి తరలించి, వాని పటములను కొత్త చోటికి త్రిప్పవలెను. సామాన్య ప్రోగ్రాముల పేజీలు తరలివచ్చును. అవి కల్పిత చిరునామాల మీద బ్రతుకును గనుక తాము తరలిన సంగతియే వానికి తెలియదు. కెర్నెల్ సొంత వస్తువులు మాత్రము కదలవు. వానిని కెర్నెల్ పూర్తి పటము మీది స్థిరమైన చిరునామాతో పట్టుకొని యుండును. ఖండమున లక్ష పేజీలు కదలి, అట్టిది ఒక్కటి కదలకున్నను ఖండమంతయు నిలిచిపోవును. పదెకరముల చేను నడుమ ఒక్క సమాధి యున్న చందము.

దీనికి మందుగా 2007లో వెలువడిన 2.6.23 కూర్పున మెల్ గోర్మన్ చేతి మీదుగా కదలు వస్తువులకు మాత్రమే ప్రత్యేకించిన మండలము ఏర్పడినది. ఆ మండలములో కెర్నెల్ సాధారణముగా తన కదలని వస్తువులను ఉంచదు. అందుచేత ఆ ఖండములు తీయుటకు అనువుగా నుండును. కాని ఏ మందునకైనను పథ్యము కలదు. మెమరీలో అత్యధిక భాగమును ఆ మండలమునకే కేటాయించినచో, బయట బోలెడు చోటు ఖాళీగా నుండగనే కెర్నెల్ తన పనికి చోటు చాలక అలమటించును. తీయగల వీలు ఎంత కావలెను, కెర్నెల్‌కు ఊపిరి ఎంత కావలెను అను తూకము యంత్రమును నడుపువారు చూచుకొనవలసినదే. దీనికి సూత్రము లేదు.

పేజీలు ఖాళీ చేయు విద్య 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కూర్పుకు వచ్చినది. ఆ పనిలో ముందున్నవారు కామెజావా హిరోయుకి మొదలగు జపాను దేశపు ఇంజనీర్లు. కాని ఖాళీ చేయుట వేరు, అడంగలు నుండి కొట్టివేయుట వేరు. లెక్క నుండి తొలగించు ఉమ్మడి భాగమును అదే సంవత్సరము ఏప్రిలులో బదరి పులవర్తి కెర్నెల్‌కు సమర్పించిరి. ఆ ఇంటిపేరు మన శ్రోతల చెవులకు క్రొత్త కాదు. దానిని మొదట అందుకొన్నది ఐబీఎం వారి పవర్ జాతి, జూలైలో 2.6.26 కూర్పుగా వెలువడినది. ఆ జాతి యంత్రములలో ఒక యంత్రమును పలు భాగములుగా పంచి, వాని నడుమ మెమరీని అటునిటు మార్చు ఆచారము ముందే యుండెను; అక్కర యున్నచోట పని మొదలగుట సహజమే గదా.

ఇంటెల్, ఏఎండీల 64 బిట్ల శాఖకు తీసివేయు విద్య 2013 ఏప్రిలున 3.9వ కూర్పుతో వచ్చినది. ఆర్మ్ 64 సంగతి ఇంకను ఆలస్యము. 2017 నాటికే మాసియే బీల్‌స్కీ, ఆండ్రియా రియాలే అనువారు చేర్చుటకును తీయుటకును సవరణలు వ్రాసి చర్చకు పెట్టిరి. చేర్చు విద్యను రాబిన్ మర్ఫీ వ్రాయగా అది 2019 మార్చిలో వెలువడిన 5.0 కూర్పులో చేరినది. తీయు విద్య ఆర్మ్ సంస్థకు చెందిన అన్షుమన్ ఖండూవాల్ పలుమారులు తిరుగ వ్రాసిన పిదప 2020 మే నెలాఖరున 5.7 కూర్పుతో వెలుగు చూచినది. రిస్క్-ఫైవ్ శాఖకు బ్యోర్న్ టోపెల్ వ్రాసినది 2024 సెప్టెంబరులో 6.11 కూర్పుతో అందినది.

ఆర్మ్ 64 వారు ఇంత కాలమేల తీసికొనిరి? కొందరు దీనిని జాగు అందురు. మేము అట్లు తలపము. వారి యెదుట నిలిచిన చిక్కులను చూచినచో శ్రోతలకే తెలియును.

మొదటి చిక్కు కాగితముల పంపకము. పటము పుటలు పుటలుగా నుండును. తీయవలసిన ఖండమును చూపు పుటయే ప్రక్క ఖండమును గూడ చూపుచుండవచ్చును. మన సర్వే నెంబరు అమ్ముడుపోయినదని పుట చింపివేసినచో ప్రక్కవాని పొలమును అదృశ్యమగును. కావున పంక్తులను ముందు కొట్టివేసి, ఆ పుట అంతయు ఖాళీయైనదని పరీక్షించి, అప్పుడే పుటను తీయవలెను. రెండవది వరుస. పంక్తి కొట్టివేసినంత మాత్రమున ప్రాసెసర్లు గుర్తుపెట్టుకొన్న పాత దారి చెరగదు. మీ గుర్తులు మరువుడని అన్ని ప్రాసెసర్లకును చెప్పి, అవి మరచిన పిదపనే పటపు పుటను వేరు పనికి ఈయవలెను. ముందే ఇచ్చినచో, పాత దారిని పోవు ప్రాసెసరు ఆ పుటలోని క్రొత్త వ్రాతను పటమని భ్రమించి ఎక్కడికో పోవును. ఈ మరపు చెప్పు తీరును జాతికొక విధము. ఆర్మ్ 64లో ఒకే ఆజ్ఞ ప్రాసెసర్లన్నిటికిని దండోరా వలె చేరును. ఇంటెల్ యంత్రములలో బహుకాలముగా ఒక్కొక్క ప్రాసెసరు పనిని మధ్యలో ఆపి, తలుపు తట్టి చెప్పు పద్ధతి సాగినది.

మూడవది చూపరుల బెడద. లోపములు వెదకు ఇంజనీర్ల కొరకు కెర్నెల్ తన పటమును పై నుండి క్రిందికి చదివి చూపు సౌకర్యము ఒకటి కలదు. ఒకవైపు ఆ పఠనము సాగుచుండగా మరియొకవైపు పుటలు తీసివేసినచో చదువు చేతి క్రింది కాగితము మాయమైనట్లగును. అందువలన ఇద్దరును ఒకే తాళము చెవి పట్టుకొని వంతులవారిగా పని చేయు ఏర్పాటు జరిగినది. నాలుగవది మాకు మిక్కిలి నచ్చినది, ఎందుకనగా అది చేయననుటలోని వివేకము. ఆర్మ్ 64 శాఖ, యంత్రము లేచునాటికే ఉన్న మెమరీని తీయనీయదు; పిమ్మట చేర్చినదానిని మాత్రమే తీయనిచ్చును. లేచునపుడు ఫర్మ్‌వేరు ఇచ్చిన మెమరీ చిట్టా మారదు. పాత కెర్నెల్ నుండి నేరుగా కొత్త కెర్నెల్‌లోనికి దూకు పద్ధతి యొకటి కలదు. ఆ కొత్త కెర్నెల్ పాత చిట్టా చదివి, ఎప్పుడో తీసివేసిన మెమరీ ఇంకను ఉన్నదని నమ్మి అందులో అడుగిడును. అమ్మివేసిన పొలమును పాత దస్తావేజు చూచి దున్నబోయిన వాని గతియే. చిట్టాను సరిచేయు మార్గము లేనంతవరకు అమ్మకమునే నిలిపివేయుట న్యాయమని వారు తలచిరి.

ఇవన్నియు ఒక యంత్రమున పదివేల దినములలో ఒక్క దినము, ఒక్క క్షణమున తటస్థించు ప్రమాదములు. కాని అట్టి యంత్రములు లోకమున లక్షల కొలది యుండును, వాని వెనుక ఆసుపత్రుల రికార్డులుండును, పింఛనుల చెల్లింపులుండును. మెమరీలో జరుగు పొరపాటు వెంటనే కనబడక, ఒకరి లెక్కలో మరియొకరి అంకె వ్రాసి, అటుపై నెప్పుడో బయటపడవచ్చును. ఆగిపోయిన యంత్రము కంటె తప్పు వ్రాయు యంత్రము ప్రమాదకరము. మూడేండ్లు ఆలోచించి వ్రాసిరన్నచో మా లెక్కలో అది ఎక్కువ కాలము కాదు. ఒక చోట వెనుకకు నడచుట కూడ జరిగినది. ఇంటెల్ పాత 32 బిట్ల శాఖకుండిన ఈ సౌకర్యమును 5.16 కూర్పున తొలగించి, 64 బిట్ల యంత్రములకే పరిమితము చేసిరి. వాడువారు లేని విద్యను మోయుట బరువే గదా.

ఈ కథలో ఎక్కువ భాగము మన ఊళ్లకు దూరమున జరిగినది. ఐనను దీనిని చదువుటకు దూరము పోనక్కరలేదు. 2013లో కలికిరిలో అనంతపురము జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల నెలకొన్నది. కంప్యూటరు శాఖ విద్యార్థులు ఎచ్చటనైనను ఆపరేటింగ్ సిస్టములను ఒక పాఠముగా చదువుదురు. పేజీలు, పటములు, ప్రాసెసరు గుర్తులు వారికి పరీక్షలలో వచ్చు ప్రశ్నలే. ఆ ప్రశ్నలకు జీవమున్న జవాబు కెర్నెల్ మూలములో నున్నది. ఆ మూలము ఎల్లరకును ఉచితము. ఏ సవరణ ఎవరు వ్రాసిరి, ఎందుకు వ్రాసిరి, ఎవరు ఆక్షేపించిరి అను చరిత్రతో సహా లభ్యమగును. ఆర్మ్ 64 శాఖలో ఈ భాగమంతయు కొద్ది వందల పంక్తులే. నవల చదువు ఓపికలో పదియవ వంతు చాలును.

పెద్ద సర్వరు లేదని చింతింప నక్కరలేదు. క్యూఎము అను ఉచిత సాఫ్ట్‌వేరు సామాన్యపు లాప్‌టాపులోనే వర్చువల్ యంత్రమును సృష్టించును. మొదట దానికి ఒక గిగాబైటు మెమరీ యిచ్చి, నాలుగు గిగాబైట్ల వరకు పెరుగుటకు అనుమతి నీయవలెను. యంత్రము లేచిన పిదప బయటి నుండి ఆజ్ఞాపించి ఇంకొక గిగాబైటు చేర్చవచ్చును. అప్పుడు లోపలి లినక్స్‌లో మెమరీ ఖండముల జాబితా గల డైరెక్టరీలో కొత్త ఖండములు పుట్టుట కన్నుల యెదుట కనబడును. ప్రతి ఖండమునకు దాని స్థితిని తెలుపు ఒక చిన్న ఫైలుండును. దానిలో ఆన్‌లైన్ అని వ్రాసినచో ఖండము పంపిణీకి వచ్చును. ఆఫ్‌లైన్ అని వ్రాసినచో కెర్నెల్ దానిని ఖాళీ చేయబూనును. కదలు మండలముగా చేర్చిన ఖండములు సాధారణముగా మారు పలుకక ఖాళీయగును. ఆదినుండి యున్న ఖండము నొకదానిని ఎన్నుకొని ఆఫ్‌లైన్ అని వ్రాసి చూడవలెను. ఇంటెల్ యంత్రమైనచో కెర్నెల్ కొంతసేపు పెనుగులాడి, పరికరము పనిలో నున్నదను జవాబుతో తిరస్కరించుట తరచుగా జరుగును. అప్పుడు కెర్నెల్ దినచర్యను తెరచి, కదలనన్న పేజీ ఏదో, అది ఎవరి చేతిలో నున్నదో వెదకవచ్చును. ఆర్మ్ 64 యంత్రమైనచో ఆ పెనుగులాట యుండదు. మేము పైని చెప్పిన కారణముచే గుమ్మములోనే కాదనును. ఈ రెండు తిరస్కారములకు గల భేదమును ఆయా శాఖల మూలములో వెదకి పట్టుకొనుట ఒక సెలవు దినపు పని.